డార్ట్‌మూర్ నిలువురాళ్లు చూడాలంటే ముందు కొనాల్సింది ఈ మ్యాప్: ఓఎస్ ఎక్స్‌ప్లోరర్ ఓఎల్ 28

ఇంగ్లండ్‌లో నిలువురాళ్లు అనగానే అందరి నోటా స్టోన్‌హెంజ్ మాటే వస్తుంది. టికెట్ కొంటారు, షటిల్ బస్సెక్కుతారు, దూరం నుంచి చుట్టూ ఒక రౌండ్ కొట్టి వచ్చేస్తారు. చూడదగ్గదే, కాదనను. కానీ నైరుతి మూలన డెవన్‌లో డార్ట్‌మూర్ ఉంది. చెట్టూచేమా పెద్దగా లేని, గాలి హోరెత్తే ఎత్తైన బీడు అది. నాలుగు వేల ఏళ్ల కిందట మనుషులు నిలబెట్టిన రాళ్లు ఆ బీడంతా పరుచుకుని ఉన్నాయి. రాళ్ల వరుసలే 70కి పైగా. వాటికి టికెట్ లేదు, కంచె లేదు, చాలా చోట్ల కనీసం బోర్డు కూడా లేదు. మరి వాటిని ఎలా వెతుక్కోవాలి? నన్ను అడిగితే చెప్పే జవాబు ఒకటే. ఆర్డ్‌నెన్స్ సర్వే వాళ్ల నారింజ అట్ట మ్యాప్, ఎక్స్‌ప్లోరర్ ఓఎల్ 28, డార్ట్‌మూర్.

నేను ఉండేది ప్లిమత్‌లో. ఊరు దాటితే మూర్, అంటే ఆ బీడు, మొదలవుతుంది కాబట్టి సెలవు దొరికితే మా దారి అటే. నా దగ్గరున్న కాపీ మడతల దగ్గర అరిగిపోయి, రెండు మూలలకు టేపు వేయించుకుని ఉంది. అంత వాడాక రాస్తున్న రివ్యూ ఇది.

ముందు వస్తువు గురించి. ఆర్డ్‌నెన్స్ సర్వే 1791లో మొదలైన బ్రిటన్ సర్వే సంస్థ. అందరూ ఓఎస్ అంటారు. ఎక్స్‌ప్లోరర్ సిరీస్ స్కేల్ 1:25,000. అంటే నేల మీది కిలోమీటరు కాగితం మీద 4 సెంటీమీటర్లు. మూర్ ఉత్తర భాగం ఒక వైపు, దక్షిణ భాగం రెండో వైపు అచ్చేశారు. ఇదే సంస్థ గులాబీ అట్టతో ల్యాండ్‌రేంజర్ మ్యాపులు కూడా వేస్తుంది, వాటి స్కేల్ 1:50,000. కారులో తిరగడానికి అవి బాగుంటాయి. నడకకు మాత్రం పనికిరావు అనే అంటాను, ఎందుకంటే వాటిలో పొలం గోడలు ఉండవు. మూర్ అంచున నడిచేటప్పుడు మనం ఎక్కడున్నామో చెప్పేవి ఆ రాతిగోడలే. "కుడివైపు గోడ మలుపు తిరిగిన చోటు నుంచి ఎదురుగా మూడొందల మీటర్లు" అని దారి చెప్పుకోవాలంటే ఆ గోడ కాగితం మీద కనపడాలి. ఓఎల్ 28లో ప్రతి గోడా ఉంది.

ఇక నాకు ఈ మ్యాప్ మీద ఇష్టం పుట్టించింది అందులోని అక్షరాలు. ఊళ్ల పేర్లు, వాగుల పేర్లు మామూలు అచ్చులో ఉంటాయి. రోమన్ల కాలానివి కాని పురాతన కట్టడాలను మాత్రం పాత చర్చి పుస్తకాల్లో కనిపించే గోతిక్ అక్షరాలతో వేస్తారు. రాళ్ల వలయం, రాళ్ల వరుస, నిలువురాయి, రాళ్ల గుట్ట, రాతిపెట్టె సమాధి, గుండ్రటి ఇళ్ల పునాదులు, అన్నీ ఆ అక్షరాల్లోనే. మ్యాప్ బల్ల మీద పరిచి, మిగతావన్నీ వదిలేసి ఆ అక్షరాల వెంటే వేలు పెట్టి వెళ్లండి. ఖాళీ బీడు అనుకున్న నేలంతా మనుషులతో నిండిపోతుంది. ఈ వాగు పక్కన ఇళ్లు, ఆ మిట్ట మీద సమాధులు, ఈ రెంటి మధ్య వరుస. ఫొటోల్లో ఒంటరిగా, మిస్టరీ సినిమా పోస్టర్‌లాగా కనిపించే రాళ్లు ఒక ఊరి మధ్యనో, ఊరి పక్కనో ఉండేవని మ్యాప్ చూస్తేనే అర్థమవుతుంది. నాకు ఆ సంగతి ఏ సమాచార బోర్డూ ఇంత బాగా చెప్పలేదు.

మెరివేల్ అనే చోటు తీసుకోండి. టావిస్టాక్ నుంచి ప్రిన్స్‌టౌన్ వెళ్లే బి3357 రోడ్డు పక్కనే ఉంటుంది. కొత్తవాళ్లు ఎవరు అడిగినా నేను ముందు అక్కడికే పంపిస్తాను. గ్రిడ్ రిఫరెన్స్ ఎస్‌ఎక్స్ 554 748. గ్రిడ్ రిఫరెన్స్ అంటే చాలామందికి టెన్షన్ కానీ ఇందులో ఏమీ లేదు. ఎస్‌ఎక్స్ అనేది ఆ ప్రాంతమంతా పడే పెద్ద గడి పేరు. మ్యాప్ నిండా నీలం గళ్లుంటాయి, ఒక్కో గడి ఒక కిలోమీటరు. మొదటి మూడు అంకెలు ఎడమ నుంచి కుడికి, తర్వాతి మూడు కింది నుంచి పైకి. 55వ గీత దాటి పదిలో నాలుగు వంతులు, 74వ గీత దాటి పదిలో ఎనిమిది వంతులు. ఆ రెండూ కలిసిన చోట గోతిక్ అక్షరాల గుంపు ఉంటుంది, అదే మెరివేల్.

మొదటిసారి నాతో వచ్చింది మా డిపార్ట్‌మెంట్‌లోనే పనిచేసే తెలుగావిడ, నాకంటే పెద్దది, అక్కా అని పిలుస్తాను. కారు దిగి ఎటు చూసినా గడ్డి, గొర్రెలు, గుర్రాలు తప్ప ఏమీ లేకపోయేసరికి, "ఏం చెల్లీ, రాళ్లేవీ? ఇక్కడ రాళ్లు లేనిదెక్కడ అసలు?" అంది. నిజమే, డార్ట్‌మూర్ అంతా గ్రానైటే. కొండ కొసల మీద టోర్ అనే గుట్టలు, వాటి కింద వాలు నిండా పడి ఉన్న బండలు. ఏది మనిషి పెట్టిందో ఏది దానంతటది పడిందో కొత్త కంటికి తేడా తెలియదు. మ్యాప్ ఆమె చేతిలో పెట్టి, రోడ్డు ఎక్కడుందో, మనం ఎటు తిరిగి నిలబడ్డామో చూపించాను. కొంచెం సేపు అటూ ఇటూ తిప్పి చూసింది. "ఉండు, ఈ సన్న కాలువ అదేనా?" అంటూ ముందు నడిచింది. కాలువ దొరికింది. దాని రెండు వైపులా తూర్పు పడమరలుగా సాగిపోయే రెండు జంట వరుసలు దొరికాయి. "అయ్యో, ఇంతసేపూ వీటి పక్కనే నిలబడ్డామే!" అంది.

నిజంగానే పక్కన నిలబడ్డా కనపడవు. ఎక్కువ రాళ్లు మోకాలి ఎత్తు కూడా ఉండవు, కొన్ని చీలమండ దాటవు. ఉత్తరం వైపు వరుస 182 మీటర్లు, దక్షిణం వైపుది 263 మీటర్లు. ఒక్కో వరుసలోనూ రెండేసి రాళ్లు ఎదురెదురుగా, మధ్యలో మనిషి నడిచేంత సందు. తూర్పు చివర ఆ సందును మూసేస్తూ ఒక అడ్డురాయి. దక్షిణపు వరుస సగం దూరం వెళ్లాక దారి మధ్యలో చిన్న రాళ్ల గుట్ట, దాని చుట్టూ రాళ్లు. 263 మీటర్లు మ్యాప్ మీద ఒక సెంటీమీటరు, ఆ పైన వెంట్రుకంత. ఆ ఒక్క సెంటీమీటరును నేల మీద అడుగు అడుగునా నడవడానికి మాకు గంట పట్టింది. తొందరపడాలనిపించలేదు.

దక్షిణపు వరుస పక్కనే రాతిపెట్టె సమాధి ఒకటి ఉంది. నేలలోకి దింపిన గ్రానైట్ పలకలు, పైన పెద్ద మూతరాయి. ఆ మూత నడుమ భాగం లేదు. 19వ శతాబ్దంలో ఎవరో రాళ్లు కొట్టేవాళ్లు గేటు స్తంభం కోసం నిలువునా చీల్చుకుని పట్టుకుపోయారు. మిగిలిన రెండు ముక్కలూ రెండు పక్కల అలాగే ఉన్నాయి. వంగి చూస్తే లోపల వాననీళ్లు, గొర్రె ఉన్ని పోగులు, పలకల అంచున బూడిదరంగు పాచి. ఎవరినో అంత జాగ్రత్తగా పడుకోబెట్టిన చోటు అది. గేటు కోసం మూత కోసేశారంటే నాకు ఇప్పటికీ బాధేస్తుంది. మ్యాప్ మీద మాత్రం ఇదంతా ఒక్క చిన్న మాట.

అక్కడి నుంచి దక్షిణంగా నడిస్తే 11 రాళ్ల వలయం. చిన్నదే, రాళ్లు కూడా పొట్టివి. దానికి కొంచెం అవతల 3.2 మీటర్ల నిలువురాయి. దాని మొదట్లో నేల గిన్నెలా గుంటపడి ఉంటుంది. చెట్లు లేని నేలలో ఒళ్లు గోక్కోవడానికి పశువులకు ఈ రాయే దిక్కు, తరతరాలుగా రుద్దుకుని రుద్దుకుని చుట్టూ నేల అరిగింది. మూర్ మీద ఏ పెద్ద నిలువురాయి దగ్గరైనా ఈ గుంట చూడొచ్చు.

రోడ్డు వైపున గుండ్రటి ఇళ్ల పునాదులున్నాయి. వాటి మధ్య ఒక పెద్ద గుండ్రటి చెక్కుడు రాయి పడి ఉంటుంది. దాన్ని పురాతనం అనుకుని ఫొటోలు దిగేవాళ్లను చూశాను. అది యాపిల్ పళ్లు నలిపే గానుగ రాయి, చాలా కాలం తర్వాత ఎవరో చెక్కి అక్కడే వదిలేసింది. ఇంకాస్త నడిస్తే ఒక వైపు టి, ఇంకో వైపు ఎ అని చెక్కిన దారిరాళ్లు కనిపిస్తాయి. అవి 1700 ప్రాంతంలో టావిస్టాక్, ఆష్‌బర్టన్ మధ్య బాటసారులు పొగమంచులో దారి తప్పకుండా పాతినవి. 1625లో టావిస్టాక్‌లో ప్లేగు వచ్చినప్పుడు మూర్ రైతులు తిండిగింజలు ఈ వరుసల దగ్గర పెట్టి వెళ్లేవారని, ఊరివాళ్లు వచ్చి డబ్బు పెట్టి తీసుకెళ్లేవారని ఇక్కడ చెప్పుకుంటారు. అరకిలోమీటరు నేలలో ఎన్ని కాలాలు! మెరివేల్ ఇంగ్లిష్ హెరిటేజ్ అనే పాత కట్టడాల సంస్థ సంరక్షణలో ఉంది, ప్రవేశం ఉచితం.

మెరివేల్ తర్వాత అడుగుతారు, ఇంకెక్కడికి అని. స్కోర్‌హిల్ అంటాను. మూర్ ఈశాన్యపు అంచున, గిడ్‌లీ ఊరి అవతల. ఉత్తరం వైపు తిప్పాలి మ్యాప్‌ని. అక్కడికి వెళ్లే రోడ్లు ఎదురుగా బండి వస్తే గుండె ఆగేంత ఇరుకు. మ్యాప్‌లో ఆ రోడ్డు చివర నుంచి గోడల మధ్య ఒక గరాటు లాంటి దారి బీడులోకి తెరుచుకుంటుంది. దాంట్లోంచి పైకెక్కి అవతలికి దిగుతుంటే కింద వాలులో వలయం. వ్యాసం 26 మీటర్లు, అంటే మ్యాప్ మీద ఒక మిల్లీమీటరు. నిలబడి ఉన్నవి ఇరవై పైచిలుకు రాళ్లు, కొన్ని మొన తేలి, కొన్ని పక్కకు వాలి, ఎత్తైనది మనిషికంటే బాగా పొడవు. పెద్దగా ఎవరూ సరిదిద్దని వలయం కాబట్టే నాకు డార్ట్‌మూర్ మొత్తంలో ఇదంటే ఎక్కువ ఇష్టం. ఇంకొంచెం కిందికి దిగితే వాలబ్రూక్ అనే వాగు మీద బండ పరిచిన పాత వంతెన, ఆ పక్కన నార్త్ టీన్ నదిలో టోల్‌మెన్ అనే పెద్ద రాయి. నీళ్ల సుడికి దాని మధ్యలో మనిషి దూరేంత గుండ్రటి కన్నం పడింది. అందులోంచి దూరితే కీళ్ల నొప్పులు పోతాయని పాత నమ్మకం. మా పాప రెండుసార్లు దూరింది.

ఈ చివరి విషయాలు ఎందుకు చెప్తున్నానంటే, వలయం ఒక్కటే చూసి రావాలనుకుంటే ఫోన్‌లో పిన్ పెట్టుకున్నా సరిపోతుంది. ఫోన్ మనల్ని ఒక చుక్క దగ్గరికి తీసుకెళ్లి ఆపేస్తుంది. పెద్ద కాగితం చేతిలో ఉంటే ఆ చుక్క పక్కన ఏముందో కన్ను దానంతటదే చూస్తుంది. "ఇక్కడిదాకా వచ్చాం కదా, ఆ వంతెన కూడా చూసొద్దాం" అనిపించేది కాగితం చూస్తేనే.

దీనికి అసలైన ఉదాహరణ అర్మ్ నది ఎగువన ఉన్న వరుస. దక్షిణ మూర్‌లో డాన్సర్స్ అనే వలయం దగ్గర మొదలై, అర్మ్ నది దాటి, గ్రీన్ హిల్ మీద చిన్న రాళ్ల గుట్ట దగ్గర ఆగుతుంది. పొడవు 3.3 కిలోమీటర్లు. ప్రపంచంలోనే పొడవైన రాళ్ల వరుస అంటారు. మ్యాప్ మీద 13 సెంటీమీటర్లు. వేలితో ఆ గీత వెంట వెళ్తుంటే ఎత్తును చూపే కాంటూర్ గీతలు ఎక్కడ దగ్గరపడుతున్నాయో, ఎక్కడ నది దాటాలో, ఎక్కడ బురద గుర్తులున్నాయో ఇంట్లో కూర్చునే తెలిసిపోతుంది. నేల మీద ఏ చోట నిలబడ్డా ఈ వరుస మొత్తం కనపడదు, ఒక ముక్కే కనపడుతుంది. ఒక్కచూపులో మొత్తం కనిపించేది కాగితం మీదే. అంత దూరం ఎందుకు పేర్చుకుంటూ వెళ్లారు, ఒకేసారి పేర్చారా, తరాల కొద్దీ పెంచుకుంటూ పోయారా అనే ప్రశ్నలు నాకు మ్యాప్ ముందు కూర్చున్నప్పుడే పుట్టాయి.

ఇప్పుడు మ్యాప్ చెప్పనివి. ఏ మ్యాప్ అయినా అంతే అనుకోండి, కానీ కొనేవాళ్లకు తెలిసి ఉండాలి.

నిలబడి ఉన్న రాయి మొదటి నుంచీ అలాగే ఉందా, ఎవరైనా తిరిగి నిలబెట్టారా అనేది దీంట్లో ఉండదు. 1890ల్లో డార్ట్‌మూర్‌లో ఉత్సాహవంతులు ఒక కమిటీగా ఏర్పడి ఎన్నో చోట్ల తవ్వారు, పడిపోయిన రాళ్లను లేపి నిలబెట్టారు. డ్రిజిల్‌కూమ్‌లోని 4 మీటర్లు దాటిన పెద్ద రాయిని 1893లో లేపారు. డౌన్ టోర్ దగ్గరి వరుసను 1894లో సరిచేశారు. సిటాఫర్డ్ టోర్ దగ్గర పక్కపక్కనే ఉండే జంట వలయాలు గ్రే వెదర్స్‌ను 1909లో నిలబెట్టారు. పొగమంచులో ఈ రాళ్లను చూపించి, ఇవన్నీ మంచి గొర్రెలని ఒక కొత్త రైతుకు అమ్మేశారని వాటి మీద ఒక కథ ఉంది. పొద్దున మబ్బుగా ఉన్నప్పుడు దూరం నుంచి చూస్తే ఆ రైతును తప్పు పట్టలేం. ఆ రెండు వలయాలూ అందంగా, చక్కగా ఉంటాయి. కానీ ఆ చక్కదనంలో 1909 నాటి చేతులు కూడా ఉన్నాయని తెలిసి చూడటం వేరు. వెళ్లే ముందు ఆయా చోట్ల గురించి కాస్త చదువుకోండి.

రెండోది, కొత్తగా దొరికేవి. అదే సిటాఫర్డ్ టోర్ దగ్గర 2007లో ఆలన్ ఎండాకాట్ అనే పురాతత్వవేత్త గడ్డిలో మునిగిపోయిన మరో వలయాన్ని గుర్తించారు. 34 మీటర్ల వ్యాసం, సుమారు 30 రాళ్లు, అన్నీ పడిపోయినవే. నూరేళ్ల పైన డార్ట్‌మూర్‌లో కొత్త వలయం దొరకడం అదే మొదటిసారి. ఎన్నో ఏళ్లుగా జనం పక్క నుంచే నడిచి వెళ్లిన చోటు అది! కట్ హిల్ మీద పీట్ మట్టిలో, అంటే మొక్కలు కుళ్లి ఏర్పడిన తడి మట్టిలో, పడి ఉన్న వరుస ఇంకా పాతది, క్రీ.పూ. 3500 నాటికే అక్కడ ఉందని ఆ మట్టి వయసును బట్టి లెక్కగట్టారు. కాబట్టి సెకండ్ హ్యాండ్ షాపులో పాత కాపీ చవగ్గా దొరికిందని తీసుకోకండి. ముద్రణ సంవత్సరం చూసి కొత్తదే కొనండి. దారులు, పార్కింగ్ చోట్లు కూడా మారుతుంటాయి.

మూడోది కాలం. మ్యాప్‌కు ఎండాకాలం, చలికాలం తెలియవు. జులై వచ్చేసరికి బ్రాకెన్ అనే ఫెర్న్ మొక్క భుజాల దాకా పెరిగి వాలులను కప్పేస్తుంది. చీలమండ ఎత్తు వరుసలు అందులో మాయమైపోతాయి. పైగా ఆ మొక్కల్లో పిడుదులు ఉంటాయి, వాటితో లైమ్ జబ్బు రావచ్చు. పొడుగు ప్యాంటు, ఇంటికొచ్చాక కాళ్లు పరీక్షగా చూసుకోవడం తప్పనిసరి. నా సలహా అయితే ఫిబ్రవరి చివర, మార్చి మొదట్లో వెళ్లండి. బ్రాకెన్ ఎండి నేలకు అణిగి ఉంటుంది. సాయంత్రపు ఎండ ఏటవాలుగా పడి, అంత చిన్న రాయి కూడా పొడుగు నీడ వేస్తుంది. మ్యాప్‌లో చూసిన గీత నేల మీద గీత లాగే కనపడేది అప్పుడే.

ఇక అందరూ తప్పక చూడాల్సింది ఎర్ర త్రికోణాల గీత. ఉత్తర మూర్‌లో ఓక్‌హాంప్టన్, విల్స్‌వర్తీ, మెరివేల్ అని మూడు సైనిక ఫైరింగ్ రేంజ్‌లు ఉన్నాయి. మ్యాప్‌లో వాటి హద్దులు ఎర్రగా స్పష్టంగా ఉంటాయి, నేల మీద ఎరుపు తెలుపు కర్రలు పాతి ఉంటాయి. కాల్పులుండే రోజు కొండల మీద ఎర్ర జెండాలు ఎగరేస్తారు, రాత్రయితే ఎర్ర దీపాలు పెడతారు. అప్పుడు లోపలికి వెళ్లకూడదు. కాల్పులు లేని రోజుల్లో వెళ్లొచ్చు. ఏ రోజు కాల్పులో మ్యాప్ చెప్పదు కదా, ప్రభుత్వ వెబ్‌సైట్‌లో టైమ్‌టేబుల్ పెడతారు, ముందు రోజు చూసుకోవాలి. నేలమీద లోహపు వస్తువు ఏది కనిపించినా ముట్టుకోవద్దు, పిల్లలకు ముందే చెప్పాలి. మెరివేల్ వరుసలు రేంజ్ బయటే ఉన్నాయి, ఇబ్బంది లేదు. బేర్‌డౌన్ మ్యాన్ అనే 3.4 మీటర్ల ఒంటరి నిలువురాయి మాత్రం రేంజ్ లోపల ఉంది. చుట్టూ ఒక్క ఇల్లు, ఒక్క గోడ కనపడని చోట, గాలిలో ఒక్కటే నిలబడి ఉంటుంది. దాని దగ్గరికి వెళ్లాలంటే ఈ ఎర్ర గీత చదవడం వచ్చి ఉండాలి.

వైట్‌హార్స్ హిల్ కూడా ఆ వైపే. అక్కడ పీట్ మట్టి గట్టులోంచి బయటపడిన ఒక రాతిపెట్టె సమాధిని 2011లో తవ్వారు. దహనం చేసిన ఒక చిన్న వయసు మనిషి ఎముకలు, వాటిని చుట్టిన ఎలుగుబంటి చర్మం, అల్లిన బుట్ట, 200కు పైగా పూసలు, అందులో అంబర్ పూసలు కూడా దొరికాయి. చెక్కతో చేసిన చెవి దుద్దులు కూడా ఉన్నాయి. సుమారు 3,700 ఏళ్ల నాటివి, పీట్ మట్టిలో గాలి తగలక చెడిపోకుండా ఉన్నాయి. వాటిని ప్లిమత్‌లో ది బాక్స్ మ్యూజియంలో పెట్టారు. మూర్‌కు వెళ్లే ముందో, వచ్చాకో తప్పకుండా చూడండి. ఆ దుద్దులు చూశాక మ్యాప్‌లో సమాధి గుర్తు కనపడితే, దాని కింద ఒక మనిషి ఉన్నట్టే చూస్తాను నేను.

కాగితమా, ఫోనా, ప్లాస్టిక్ పూతదా అని అడిగేవాళ్లకు. మామూలు కాగితం మ్యాప్ తేలిక, చవక, మడత సులువు. కానీ డార్ట్‌మూర్‌లో వాన, గాలి రెండూ కలిసే వస్తాయి. మెడలో వేసుకునే పారదర్శక మ్యాప్ కేసు కొనుక్కుని, ఆ రోజు కావాల్సిన భాగం పైకి వచ్చేలా ఇంట్లోనే మడిచి పెట్టుకోవాలి. బయట గాలిలో ఇంత పెద్ద కాగితాన్ని తిప్పి మడవడం ఇద్దరి పని. యాక్టివ్ అని పూత పూసిన రకం ధర ఎక్కువ, బరువు, మందం కూడా ఎక్కువే. తడిసినా ఏం కాదు. నెలకోసారైనా వెళ్లేవాళ్లు అదే తీసుకోవాలి, నా తర్వాతి కాపీ అదే. రెండు రకాల్లోనూ అట్ట లోపల ఒక కోడ్ ఉంటుంది, దానితో అదే మ్యాప్‌ను ఫోన్‌లోకి దించుకోవచ్చు. దించుకోండి, మంచిదే. పొగమంచు కమ్మినప్పుడు మనం ఎక్కడున్నామో చుక్క పెట్టి చూపిస్తుంది. కానీ మూర్ లోపల సిగ్నల్ చాలా చోట్ల ఉండదు, చలికి బ్యాటరీ చూస్తుండగానే పడిపోతుంది. కాగితం, దానితో పాటు ఒక కంపాస్ లేకుండా వెళ్లొద్దు. కంపాస్ వాడకం మ్యాప్‌తో పాటు నేర్చుకోవాల్సిందే, రోడ్డు కనపడేంత దగ్గర్లో ఉన్న మెరివేల్‌లో ప్రాక్టీస్ చేస్తే భయం ఉండదు.

రాళ్లను కదపడం, ఎక్కడం, సమాధుల్లో కొవ్వొత్తులు వెలిగించడం చేయకండి. ఇలాంటివి చాలావరకు చట్టరీత్యా రక్షిత కట్టడాలు. స్కోర్‌హిల్‌లో ఒకసారి రాతి మీద కరిగిన మైనం చూశాను. ఆ రాతి మీద పాచి అంగుళం పెరగడానికి ఎన్నేళ్లు పడుతుందో ఒక్క క్షణం ఆలోచిస్తే ఆ పని చేయబుద్ధి కాదు.

రేటింగ్ అడిగితే ఐదుకు ఐదు. లండన్ నుంచి ఒక్క రోజు కోసం వచ్చి మెరివేల్ ఒక్కటే చూసి వెళ్లేవాళ్లకు కాగితం రకం చాలు. పిల్లలతో వస్తే ఇంకో పని చేయండి. మ్యాప్ వాళ్ల చేతికివ్వండి, కారు దగ్గర నుంచి కాలువను వాళ్లనే వెతకమనండి, కాలువ దొరికితే వరుసలు దొరికినట్టే.